పిట్ లైను బాబాయ్ పెనాల్టీ

ఈ మధ్య మా మేనకోడలి ఇంట్లో టీవీలో కార్ల పందెం వస్తుంటే కూర్చున్నాను. చూశానని మాత్రం చెప్పలేను. ఎవరు ముందో, ఎవరు వెనకో, ఎందుకు అరుస్తున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఒక కారు అసలు దారి వదిలేసి పక్కనున్న సందులాంటి దాంట్లోకి వచ్చి ఆగింది. చుట్టూ బోలెడుమంది పనివాళ్లు, చేతుల్లో పనిముట్లు. ఒక్కరూ దాన్ని ముట్టుకోరు. అందరూ ఊరికే చూస్తూ నిలబడ్డారు.

"పాడైపోయిందేమిటే?" అన్నాను.

"లేదత్తా, పెనాల్టీ. పిట్‌లో ఏదో తప్పు చేశాడు. అందుకని కాసేపు కదలకుండా ఆగి ఉండాలి. ఈలోపు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

నాకు మా పాత కాలనీ గుర్తొచ్చింది. ఖరగ్‌పూర్‌లో, రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో, మా ఎదుటి క్వార్టర్ గేటు దగ్గర అచ్చం అలాగే నిలబడే మనిషి ఒకాయన ఉండేవాడు. ఖాకీ చొక్కా, చంకలో చుట్టి పెట్టుకున్న జెండాలు, చూపు నేల మీద. ఎవరైనా భుజం మీద చెయ్యి వేసినా కదిలేవాడు కాదు, పలికేవాడు కాదు. తర్వాత నాతో మాత్రం, "ముట్టకూడదమ్మా, పెనాల్టీలో ఉన్నాను" అనేవాడు. అది ఆయన వెర్రి అనుకున్నాం. పందేల్లో నిజంగానే ఇలా నిలబెడతారని ఇన్నేళ్ల తర్వాత, టీవీ ముందు, ఉప్మా ప్లేటు ఒళ్లో పెట్టుకుని తెలుసుకున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా పోల్చుకునేవాళ్లు లేరు. కాలనీ మొత్తానికి ఆయన పిట్ లైను బాబాయ్. పిట్ లైను అంటే పట్టాల మధ్య గొయ్యి తవ్వి కట్టిన లైను. ప్రయాణం ముగించిన పెట్టెలను దాని మీదకి తెచ్చి ఆపుతారు. మనుషులు ఆ గోతిలోకి దిగి, పెట్టెల అడుగున బ్రేకులూ స్ప్రింగులూ చూస్తారు. బాబాయ్ అక్కడ మేస్త్రీ. అడుగున మనుషులున్నంత సేపూ లైనుకి రెండు చివరలా ఎర్రజెండా పాతి ఉండాలి. జెండా పాతినవాడే దాన్ని తియ్యాలి, ఇంకొకడు తియ్యకూడదు. తీసేముందు వంగి, గోతిలోకి చూసి, గొంతెత్తి అడగాలి.

"అడుగున ఎవులేనా ఉన్నారా?"

పాపం, ఈ ప్రశ్న ఆయనకి పిట్ లైనులోనే వదిలిరావడం చేతకాలేదు. రిక్షా ఎక్కితే, అది కదిలేముందు వంగి చక్రాల కిందకి చూసి అడిగేవాడు. పెళ్లి భోజనాల్లో బంతి లేచేటప్పుడు బల్లల కిందకి చూసి అడిగేవాడు. ఓసారి గోల్‌బజార్లో కూరగాయల బండి తోసుకుపోతున్న బెంగాలీ దాదాని ఆపి మరీ అడిగాడు. ఆ దాదా కంగారుపడి, బండి కింద పామేదో దూరిందనుకుని, వంకాయలన్నీ వదిలేసి పరుగెత్తాడు. బాబాయ్ ఆ బండికి కాపలా కాస్తూ ఎండలో కూర్చున్నాడు. ఆయన మంచితనం మనల్ని ఎప్పుడూ ఇలాంటి తికమకలోనే పడేసేది.

ఆయన పెనాల్టీకి మూలమైన కారు పందెం గొడవ అరవైల మొదట్లో జరిగింది. ఊరికి అవతల సాలువా వైపు యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే ఒకటి గడ్డి మొలిచి పడి ఉండేది. కలకత్తా మోటారు క్లబ్బువాళ్లు దాని మీద పందెం పెడతామని వచ్చారు. జెండాలు ఊపడం తెలిసినవాళ్లు కావాలని రైల్వేవాళ్లని అడిగారు. పిట్ లేన్‌లో ఉండడానికి ఒక మనిషిని కూడా అడిగారట. పిట్ లేన్ అంటే పందెంలో బళ్లు నీళ్లకీ పెట్రోలుకీ ఆగే పక్కదారి. మన ఆఫీసులో దాన్ని పిట్ లైను అని విన్నారు. "పిట్ లైనా, దానికి మన మేస్త్రీని మించినవాడెవడు?" అని బాబాయ్‌ని పంపేశారు. అటు క్లబ్బువాళ్లు ఆయన్ని అడిగారు, పిట్‌లో అనుభవం ఉందా అని. ఆయన ఛాతీ విరుచుకుని, "పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి పిట్‌లోనే ఉన్నాను బాబూ" అన్నాడు. ఇద్దరూ సంతోషించారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆ పందెంలో మన కాలనీ కుర్రాడు సన్యాసిరావు కూడా ఉన్నాడు. బాయిలర్ షాపులో రివెట్లు కొట్టే పని. ఆ సుత్తి మోతకి అప్పటికే ఓ చెవి మందగించింది. అక్కడే ఉంటే రెండోదీ పోతుందని డాక్టరు చెప్పాడు. వాడు మిలిటరీ డిస్పోజల్ వేలంలో కొన్న డొక్కు జీపు పైభాగం ఊడబీకి, నలుగురు స్నేహితులతో కలిసి పందేనికి తయారు చేసుకున్నాడు. గెలిచినవాణ్ణి తన దగ్గర బళ్లు నడిపి చూసే పనిలో పెట్టుకుంటానని కలకత్తా గ్యారేజీ యజమాని ఒకాయన మాటిచ్చాడు. అంచేత సన్యాసిరావుకి అది కప్పు కోసం పందెం కాదు, చెవి కోసం పందెం. కాలనీలో అందరికీ ఈ సంగతి తెలుసు, బాబాయ్‌కి మరీ తెలుసు. వాడి తండ్రీ ఈయనా ఒకే గోతిలో పని నేర్చుకున్నవాళ్లు.

పందేనికి ముందు క్లబ్బువాళ్లు బాబాయ్ చేతికి ఇంగ్లీషులో నియమాల కాగితం ఇచ్చారు. ఆయన దాన్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను రైల్వే బళ్లో తెలుగు పంతులమ్మని. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా, మా వీధికి అదే ఎక్కువ.

"సదువమ్మా పంతులమ్మా, ఒక్కొక్కటీ సదువు" అన్నాడు.

చదివాను. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపాలి. సిగరెట్టు కాల్చకూడదు. పిట్‌లో ఏ బండీ వెనక్కి నడవకూడదు. తనకిచ్చిన చోటు దాటి ముందుకి పోతే ఇంకో చుట్టు తిరిగి రావాలి. వెనక్కి వస్తే నిమిషం పెనాల్టీ.

"ఎనక్కి నడవకూడదు. అంటే, జెండా లేకుండా నడవకూడదు" అన్నాడు బాబాయ్.

"జెండా మాట ఇందులో లేదు బాబాయ్."

"రాయక్కర్లేదమ్మా. జెండా లేకుండా బండి ముందుకే కదలదు, ఎనక్కేటి కదుల్తాది? బండి పేట్‌ఫారం దాటీసినాదనుకో, గార్డు పచ్చజెండా ఊపి ఎనక్కి రప్పిస్తాడు. ఊపకుండా వస్తే డ్రైవరు తప్పు. ఊపితే రూలే. ఇది అందరికీ తెలిసిందే గదా."

నేను మళ్లీ చదివాను. మళ్లీ చదివితే ఆయన చెప్పిందే నిజమేమో అనిపించింది. ఆయన ముందు కూర్చుంటే ఎంత తేట మాటైనా మసకబారేది.

పందెం రోజున ఊరంతా సాలువా దారి పట్టింది. నేనూ వెళ్లి, పిట్‌కి అవతల కట్టిన తాడు దగ్గర నిలబడ్డాను. దుమ్ము, పెట్రోలు వాసన, లౌడ్‌స్పీకర్లో అర్థం కాని అరుపులు. డ్రమ్ములు పాతిన దారి చుట్టూ బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నారో తెలియక మేం ప్రతి బండికీ చప్పట్లు కొట్టాం. చివరికి తేలిందేమిటంటే, సన్యాసిరావు అందరికన్నా ముందున్నాడు. కాలనీ కాలనీ గంతులేసింది.

అప్పుడు జీపు పొగలు కక్కుతూ నీళ్ల కోసం పిట్‌లోకి వచ్చింది. బ్రేకులు సరిగ్గా పట్టలేదు. వాడి మనుషులు నీళ్ల బకెట్లతో నిలబడ్డ చోటు దాటి, రెండు బళ్ల మేర ముందుకి పోయి ఆగింది. సన్యాసిరావు తల పట్టుకున్నాడు. ఇంకో చుట్టు తిరిగితే ఇంజను కాలిపోతుంది. తిరగకపోతే నీళ్లు లేవు. అటూ ఇటూ చూశాడు.

బాబాయ్ జీపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. వంగాడు. "అడుగున ఎవులేనా ఉన్నారా?" అని గట్టిగా అడిగాడు. ఎవరూ లేరు. లేచి, తన సొంత పచ్చజెండా విప్పి, ఒంటికి అడ్డంగా అటూ ఇటూ నింపాదిగా ఊపాడు. పిట్ అధికారి స్వయంగా రమ్మంటుంటే సన్యాసిరావు ఎందుకు ఆగుతాడు? జీపు వెనక్కి వచ్చింది. నీళ్లు పోశారు. మళ్లీ దూసుకుపోయింది. బాబాయ్ జెండా చుట్టి చంకలో పెట్టుకుని నా వైపు చూసి తలాడించాడు. అంత సంతోషం ఆయన మొహంలో ముందెప్పుడూ చూడలేదు.

టై కట్టుకున్న క్లబ్బు పెద్దమనిషి పరుగున వచ్చాడు. "గాడీ పీఛే ఆయా? హాఁ యా నా?" బండి వెనక్కి వచ్చిందా లేదా అని గద్దించాడు.

"ఆయా సాబ్. నానే రమ్మన్నాను" అన్నాడు బాబాయ్.

"అయితే బండికి నిమిషం పెనాల్టీ" అన్నాడాయన హిందీలోనే.

బాబాయ్‌కి ఇది అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. నేను తాడు ఇవతల నుంచి విన్నాను. "బండికేటి తెలుసు సాబ్? జెండా సూపించినోణ్ణి నాను. మా దగ్గర తప్పుడు సిగ్నల్ ఇచ్చినోడికి శిక్స. సూసి నడిపినోడికేటి శిక్స? ఆ నిమిసమేదో నాకెయ్యండి." తెలుగూ హిందీ బెంగాలీ కలిపేసి చెబుతున్నాడు. ఆ పెద్దమనిషికి ఎంత తెలిసిందో గానీ, చివరికి నవ్వేశాడు. "ఠీక్ హై, నువ్వే నిలబడు" అని వాచీ చూపించి వెళ్లిపోయాడు. ఎగతాళికి అన్నాడు.

బాబాయ్ నిలబడ్డాడు. చేతులు పక్కలకి ఆనించి, తలవంచి, ఆ దుమ్ములో ఒక నిమిషం నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అయ్యాక వచ్చి, "ఐపోనాదమ్మా, మనోడి నిమిసం నాను తీర్చీసినాను" అన్నాడు నాతో. నేను నమ్మాను. అధికారి చెప్పాడు కదా అనుకున్నాను.

సన్యాసిరావు గీత మొదట దాటాడు. మేం కేకలు వేస్తూ ఉండగానే లౌడ్‌స్పీకర్ ఇంకెవరిదో పేరు చెప్పింది. నిమిషం కలిపితే మనవాడు రెండో స్థానం. బాబాయ్ ఒక్కొక్క మనిషి దగ్గరికీ వెళ్లి, "అదేటి? నాను నిలబడినాను గదా! మీరూ సూసినారు గదా!" అని అడగడం మొదలుపెట్టాడు. టై పెద్దమనిషి చెయ్యి విదిలించుకుని పోయాడు. బాబాయ్ రన్‌వే మధ్యలో, దారి తప్పినవాడిలా, నాలుగు వైపులకీ తిరిగి చూశాడు. నాకు దుఃఖం ఆగలేదు.

గ్యారేజీ యజమాని గెలిచినవాణ్ణి వెంటబెట్టుకుపోయాడు. మర్నాడు పొద్దున్నే బాబాయ్ సన్యాసిరావు క్వార్టర్‌కి వెళ్లాడు. "ఒరే నాయనా, నీ నిమిసం నాను నిలబడినాన్రా. ఆళ్లు లెక్కెట్టలేదు" అని ఏదో చెప్పబోయాడట. సన్యాసిరావు తలుపు వేసేశాడు. ఆ తర్వాత ఆయన్ని పలకరించలేదు. సైకిల్ మీద ఎదురైతే మొహం తిప్పుకుని పోయేవాడు. మళ్లీ బాయిలర్ షాపే, మళ్లీ అదే మోత.

బాబాయ్ నిలబడడం అప్పుడు మొదలైంది. ఇంట్లోంచి ఎక్కడికి బయల్దేరినా సరే, గేటు దగ్గర ఆగి, తలవంచి, నిమిషం నిలబడి, అప్పుడు అడుగు బయట పెట్టేవాడు. డ్యూటీకి, బజారుకి, ఆస్పత్రికి, దేనికైనా అంతే. ఈ నిమిషం మూలాన సొంత మేనకోడలి పెళ్లికి వెళ్లే రైలు కళ్లముందే వెళ్లిపోయింది. రైలు మనిషి రైలు తప్పిపోవడమేమిటని భార్య నెత్తి కొట్టుకుంది. మొక్కు అన్నారు కొందరు. గాలి సోకిందన్నారు కొందరు. శకునం చూసుకుంటున్నాడని ఎక్కువమంది తేల్చారు.

ఆ శకునం మాటే ఒక రోజు పెద్ద గొడవైంది. మా వరసలో వరాలమ్మ అని ఒకావిడ ఉండేది. కొత్తగా భర్త పోయాడు. పొద్దున్నే బకెట్టుతో కుళాయికి వెళ్లే వేళ, బాబాయ్ డ్యూటీకి బయల్దేరే వేళ ఒకటే. ఆవిడ ఎదురు రావడం, ఆయన గేటు దగ్గర టక్కున ఆగిపోవడం. నాలుగు రోజులు ఓర్చుకుని, ఆ రోజు బకెట్టు ధడాలున దించింది.

"ఏటి మేస్త్రీ? నా మొకం సూసి ఆగిపోతన్నావేటి? మొగుడు సచ్చినదాన్నని గుమ్మం దాటవేటి?"

బాబాయ్ పెనాల్టీలో ఉన్నాడు. పెనాల్టీలో ఉన్నవాడు మాట్లాడకూడదని ఆయనకి ఆయనే పెట్టుకున్నాడు. కదలడు, పలకడు, కళ్లమ్మట నీళ్లు మాత్రం కారుతున్నాయి. ఆవిడకి ఇంకా మండి, వీధంతా వినేలా తిట్టింది. నిమిషం అయ్యీ అవ్వగానే ఆవిడ వెంట పరుగెత్తాడు.

"అమ్మా, నీ వల్ల గాదమ్మా! నాకు పెనాల్టీ ఉన్నాది. సాలువాలో జీపు ఎనక్కొచ్చీసినాది!"

వరాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "ఏటే పంతులమ్మా, ఈయనకి మతి పోనాదేటి?" జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే నాకే అయోమయంగా ఉంది. ఆవిడ విని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బకెట్టుతో వచ్చి, గేటుకి ఇవతల ఆయన నిమిషం అయ్యేదాకా తనూ నిలబడేది. తర్వాత ఇద్దరూ చెరో దారినా పోయేవాళ్లు. ఎందుకలా నిలబడేదో ఆవిడని నేను అడగలేదు.

ఆయన్ని మాత్రం ఒకసారి అడిగాను. దుర్గాపూజ సెలవులు. గేటు దగ్గర నిమిషం ముగించి, చొక్కా సర్దుకుంటున్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు బాబాయ్? ఒక నిమిషం పెనాల్టీకి ఎన్ని నిమిషాలు నిలబడ్డావో చూసుకున్నావా?"

"అది ఐపోతే ఆగుతాను గదమ్మా."

"వేసిందెవరు?"

"నానే."

"జెండా పాతినవాడే తియ్యాలంటావు కదా, మరి తీసెయ్."

ఆయన నన్ను జాలిగా చూశాడు, ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఎలగ తీస్తానమ్మా? అడుగున మనిసున్నాడు. ఆడు బయటికొచ్చి పలికితే గదా తీసీది." అని సన్యాసిరావు క్వార్టర్ వైపు గడ్డం ఎగరేసి, బజారుకి వెళ్లిపోయాడు. అది వెర్రో, న్యాయమో నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆయన మీద కోపం కూడా వచ్చింది. సన్యాసిరావు పలికేవాడు కాదని అందరికీ తెలుసు.

డెబ్భైల్లో, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడనగా బాబాయ్ పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవాడు లేవలేదు. పిట్ లైను మనుషులంతా వచ్చారు. పాడె ఎత్తేవేళకి సన్యాసిరావు కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది. రెండు చెవులూ దాదాపు పోయాయి, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట్లాడుతున్నాడు. ఎవరినీ అడక్కుండా ముందు కర్ర కింద భుజం పెట్టాడు.

గేటు దాకా వచ్చి పాడె ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు. మోసేవాళ్లు రోజూ చూసిన అలవాటు కొద్దీ ఆగారు. పురోహితుడు ఏమిటిది అన్నట్టు చూశాడు. వరాలమ్మ గేటుకి ఇవతల, రోజూ నిలబడే చోటే నిలబడి ఉంది. బాబాయ్ భార్య ఏడుపు కూడా ఆపేసింది. వీధి వీధంతా తలవంచుకుని ఉంది.

సన్యాసిరావు తన కర్ర పక్కవాడి భుజానికి అందించాడు. అందరూ చూస్తుండగా నడుం వంచి, పాడె కిందకి ఆ చివర నుంచి ఈ చివర దాకా తేరిపార చూశాడు. లేచి, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో అరిచాడు.

"అడుగున ఎవులూ లేరు! నాను బయటికొచ్చీసినాను బాబాయ్! పోనీండి, పోనీండి!"

ఆ మాట వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. బాబాయ్ నాతో ఒక్కదానితోనే అన్నాడనుకున్నాను. ఏళ్ల తరబడి ఆయన ప్రతి బండి కిందా అడుగుతుంటే, మొహం తిప్పుకున్న ఈ మనిషి ఆ మిగిలిన చెవితో వింటూనే ఉన్నాడేమో.

కర్ర మళ్లీ భుజానికెత్తుకుని సన్యాసిరావు ముందడుగు వేశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, నిమిషం నిండకుండానే బాబాయ్ గేటు దాటాడు.